చెయ్యెత్తిన అక్క

పోయిన సోమవారం మా ప్లాంటులో మీటింగు జరిగింది. హెడ్డాఫీసు నుంచి ఒక మేడం వచ్చారు. గోడ మీద తెర దించి, రాబోయే రోజుల్లో ఉద్యోగంలో నిలబడాలంటే మనిషికి ఉండాల్సిన గుణాలు అని ఒక్కొక్కటే చూపిస్తున్నారు. మొత్తం పదకొండు. ఒక్కో గుణానికి ఒక్కో బొమ్మ కూడా ఉంది, ఒకదాంట్లో టై కట్టుకున్న పెద్దమనిషి కొండెక్కి జెండా పాతుతున్నాడు. ఆరో గుణం దగ్గర నాకు ఆవులింత వచ్చింది. ఏడో గుణం దగ్గర, మా దగ్గర చేరి రెండు నెలలు కూడా నిండని కొత్త ఇంజనీరు ఎడమచెయ్యి పైకెత్తాడు.

మేడం ముఖం వెలిగిపోయింది. "అడగండి, అడగండి" అన్నారు.

"ప్రశ్న కాదు మేడం. పొద్దున కోల్డ్ స్టోరేజీ రిపోర్టులో నేను పంపిన అంకె ఒకటి తప్పు. ఇప్పుడే చూసుకున్నాను. తప్పు నాదే."

వెనక కుర్చీల్లోంచి టపటపా చప్పట్లు. మేడం బిత్తరపోయి ఒకసారి తెర వైపు, ఒకసారి మా వైపు చూశారు. "తప్పు చేస్తే చప్పట్లేంటండీ? ఎవరు పెట్టారు మీకీ ఆచారం?"

ఆ కుర్రాడు బుర్ర గోక్కున్నాడు. "తెలీదు మేడం. ఇక్కడందరూ ఇంతే. చేరిన రోజే చెప్పారు, తప్పు చేస్తే దాచొద్దు, చెయ్యెత్తు అని."

పాతవాళ్ళందరూ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. మేడంకి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది రొయ్యల ప్లాంటు. చిల్లకూరు దాటాక హైవే పక్కన పొడుగాటి తెల్ల షెడ్లు కనపడతాయే, వాటిలో ఒకటి. కోట మండలం వైపు చెరువుల నుంచి రొయ్యలు ఐసులో వస్తాయి. కడిగి, తలలు తీసి, సైజు వారీగా ఏరి, చెడ్డవి పక్కకి తీసేసి, గడ్డకట్టించి ఓడ ఎక్కిస్తాం. ఏరడానికి అప్పట్లో పొడుగు స్టీలు బల్ల ఉండేది. బల్లకి అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది ఆడవాళ్ళు. తెల్ల కోటు, టోపీ, మూతికి మాస్కు, చేతులకి తొడుగులు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. కొత్తగా చేరిన సూపర్వైజరుకి ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఆ కొత్త సూపర్వైజరు నేనే. మనుబోలు దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, రొయ్యల చదువు చదివి, ఇరవై ఆరేళ్ళకే నాకన్నీ తెలుసనుకుని వచ్చినవాణ్ణి. పైగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ అక్కడే ఉంది, ఇల్లు మారలేదు.

ఆ ఇరవై రెండు మందిలో ఒకావిడని మాత్రం రెండు గుర్తులతో పట్టేయొచ్చు. ఒకటి బూట్లు. ప్లాంటు వాళ్ళిచ్చే రబ్బరు బూట్లు ఆవిడ కాళ్ళకి రెండు సైజులు పెద్దవి, నడుస్తుంటే టప్పు టప్పుమని చప్పుడు. రెండోది ఎడమచెయ్యి. కుడిచేతిలో ఎప్పుడూ రొయ్య ఉంటుంది కాబట్టి ఎత్తాల్సి వస్తే ఎడమచెయ్యే ఎత్తేది.

పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు, ఆవిడ వెంటనే ఫోన్ చేసి "నా పేరొకటే రాసినావే, మిగతా ఇరవై ఒక్కమంది ఏమైనారు?" అని నిలదీస్తుంది. మా అమ్మ కన్నా రెండేళ్ళే చిన్న, అయినా షెడ్డులో ఓనరు గారితో సహా అందరికీ అక్కే. నాకూ అక్కే.

నేను చేరిన మూడో రోజు ఆ చెయ్యి మొదటిసారి లేచింది.

"ఏం అక్కా, నీళ్ళు తాగడానికా?" అన్నాను.

"కాదు సార్. ఇందాక నలభై కౌంటు ట్రేలో నాలుగు ముప్పైవి ఏసినా. తప్పు నాదే. ఆ ట్రే యాడుండాదో చెప్పండి, తీసేస్తా."

కిలోకి నలభై తూగే రొయ్యల్లో, ముప్పై తూగే పెద్దవి నాలుగు కలిశాయన్నమాట. ఆ ట్రే అప్పటికే ఫ్రీజరు గుమ్మం దగ్గరికి పోయింది. నాకు ఒళ్ళు మండింది. "నాలుగు రొయ్యలక్కా! ఎవరు చూస్తారు?"

"నేను చూసినా కదా సార్."

ట్రే వెనక్కి తెప్పించాను. ఆవిడ నాలుగూ ఏరి తీసి, తిరిగి బల్ల దగ్గరికి టప్పు టప్పుమంటూ వెళ్ళింది. బల్ల దగ్గరున్న ఆడవాళ్ళు తడి తొడుగులతో చప్పట్లు కొట్టారు. ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. కాదట. ఆవిడ కోట దగ్గర వాళ్ళ ఊళ్ళో చర్చిలో ఆదివారం బడి నడుపుతుంది. ఆ బడిలో బైబిల్ వచనం సరిగ్గా అప్పజెప్పిన పిల్లకి చప్పట్లు లేవు. "నేను తప్పు చెప్పినా టీచర్" అని చెయ్యెత్తిన పిల్లకి ఉన్నాయి. "కరెక్టుగా చెప్పినోళ్ళకి వచ్చేసింది కదా, వాళ్ళకెందుకు? తప్పని తెలుసుకునేదే కష్టం" అనేది. ఆ పద్ధతినే షెడ్డుకి మోసుకొచ్చింది. అంతకు ముందు బల్ల మీద తప్పు జరిగితే పక్కావిడ ట్రేలోకి తోసేసేవాళ్ళట. ఎవరు చేశారో తేలక ముగ్గురు తిట్లు తినేవాళ్ళట.

ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండే మాట ఒకటే, "ఎందుకంట?" చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచమంటే ఎందుకంట. ఐసు ఇంకో పార వెయ్యమంటే ఎందుకంట. ఎదిరించడం కాదు, నిజంగా తెలుసుకోవాలని. ల్యాబులో పనిచేసే అమ్మాయి ఒకరోజు విసుగొచ్చి ఆవిడని లోపలికి పిలిచి, క్లోరిన్లో ముంచని వేలు ఆనించిన గాజుపళ్ళెంలో మర్నాటికి మొలిచిన బూజులాంటిది చూపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యేలోపు ఇరవై ఒక్కమందికీ ఆ సంగతి తెలిసిపోయింది. తెలుసుకున్నది సాయంత్రం దాకా కడుపులో దాచుకోవడం ఆవిడకి చేతకాదు. ఆ వారం నుంచి క్లోరిన్ తొట్టి దగ్గర నేను నిలబడి అరవాల్సిన అవసరం లేకపోయింది.

భోజనం కూడా రోజుకొకరి పక్కన కూర్చుని తినేది. ఇవాళ ఐసు మిషన్ ఆయన, రేపు కరెంటాయన, ఎల్లుండి లారీ డ్రైవరు. టిఫిను గిన్నె మూత తీసి ముందు వాళ్ళకి కూర వేసి, తర్వాత ప్రశ్నలు వేసేది. ఇలా అందరి పనీ ఆవిడకి కొంత తెలుసు. ఒకసారి కంప్రెసరు చప్పుడు విని "అది గొంతు మార్చింది సార్, ఎవుర్నన్నా పిలవండి" అంది. పిలిచాం. బెల్టు తెగడానికి సిద్ధంగా ఉంది.

వేలిముద్ర హాజరు వచ్చినప్పటి గొడవ చెప్పాలి. పొద్దున అందరి వేళ్ళూ పడుతున్నాయి, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఒక్కరిదీ పడటం లేదు. అసలే ఏళ్ళ తరబడి రొయ్య ముళ్ళు గుచ్చుకుని అరిగిన వేళ్ళు, రోజంతా ఐసులో రొయ్య పట్టుకునేసరికి గీతలు కనపడకుండా పోతున్నాయి. ఆడవాళ్ళు ఏడుపు ముఖాలు పెట్టారు. ఈవిడ మాత్రం మిషన్ పెట్టినతన్ని పట్టుకుంది. అది ఏం చూస్తుంది, గీతలే చూస్తుందా, ఏ వేలైనా ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుందని తెలిశాక తన చేతిని తిప్పి తిప్పి చూసుకుని, రొయ్య పట్టని వేలు ఏదో కనిపెట్టింది. మర్నాడు ఇరవై రెండు మందీ వరసలో నిలబడి చిటికెనవేలు నమోదు చేయించుకున్నారు. ఇప్పటికీ మా షెడ్డులో హాజరు చిటికెనవేలితోనే.

"నీకు కొత్తంటే భయం లేదా అక్కా?" అని అడిగాను ఆ రోజు.

"ఎందుకు లేదు, ఉండాది. అయితే కొత్త రెండు దినాలే నాయనా. మూడోనాటికి అదీ పాత పనే." షెడ్డు లోపల నేను సార్, బయట నాయనా. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఆ తర్వాత ఏడాదికి మిషన్ వచ్చింది.

రొయ్యలు బెల్టు మీద పోతుంటే పైనుంచి కెమెరాలు ఫొటోలు తీస్తాయి. మంచిది ముందుకి పోతుంది, చెడ్డదాన్ని గాలి ఊది ఎర్ర బుట్టలోకి నెట్టేస్తుంది. దాన్ని బిగించడానికి చెన్నై నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆవిడ వచ్చీరాని అరవంలో అతన్ని తంబీ అని పిలవడం మొదలుపెట్టింది, రెండో రోజుకి మేమందరం తంబీ అనే పిలిచాం. తంబి నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. మొదటి పది రోజులు మిషన్ ఏమీ ఏరదు, చూసి నేర్చుకుంటుంది. మంచివీ చెడ్డవీ కలిపి, చెరువు నుంచి వచ్చినవి వచ్చినట్టే బెల్టు మీద పెట్టాలి. నల్లమచ్చ ఉన్నది, పెంకు మెత్తబడింది, రంగు మారింది, ఏది తెర మీద కనపడినా దాన్ని వేలితో తాకితే అది చెడ్డదని మిషన్ గుర్తుపెట్టుకుంటుంది. "ఈ సంగతి మీ వాళ్ళందరికీ అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు.

నేను చెప్పింది ఇంతే. "రేపట్నుంచి ఏరొద్దు. వచ్చినవి వచ్చినట్టు బెల్టు మీద పెట్టండి."

చెయ్యి లేచింది. "ఎందుకంట సార్?"

"అవన్నీ నీకెందుకక్కా, చెప్పిన పని చెయ్యి!"

ఆవిడ ప్రశ్నకి నేను అలా జవాబు చెప్పడం అదొక్కసారే. లారీ వచ్చి నిలబడి ఉంది, తొందరలో ఉన్నాను అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మిషన్ నేర్చుకుంటే ఈ బల్ల ఉండదనీ, ఇరవై రెండు మందినీ ఇంటికి పంపుతారనీ నాకు తెలుసు. ఓనరు గారు చెప్పారు. నేర్పమని చెబితే నేర్పాక ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆవిడ కళ్ళలోకి చూసి ఆ మాట చెప్పే ధైర్యం లేక గదమాయించాను. ఆవిడ చెయ్యి దించేసి పనిలో పడింది.

పది రోజులూ తెర ముందు నేనూ తంబీ కూర్చున్నాం. చెడ్డవి చాలా తక్కువగా కనపడ్డాయి. ఈసారి చెరువులు బాగున్నట్టున్నాయి అనుకున్నాను. నా తెలివి అంత.

పదకొండో రోజు ఓనరు గారు వచ్చారు. మనుషులెవరూ తాకకుండా లారీ సరుకు నేరుగా మిషన్లో పోయించారు. నల్లమచ్చలున్న రొయ్యలు దర్జాగా మంచివాటితో కలిసి ముందుకి నడిచిపోయాయి. ఎర్ర బుట్ట ఖాళీ. ఓనరు గారు పిడికెడు రొయ్యలు తీసి బల్ల మీద పరిచి, తన గదికి వెళ్ళిపోయారు.

తంబి సాయంత్రం దాకా లెక్కలన్నీ చూసి తలెత్తాడు. "కెమెరా బాగానే ఉంది. ఇది చెడ్డ రొయ్యల్ని దాదాపు చూడనే లేదు సార్. ఎవరో ముందే తీసేశారు."

సీసీ కెమెరా ఫుటేజీ తెరిచాం. అంతా స్పష్టంగా ఉంది. బెల్టు మొదట్లో నిలబడ్డ ఆడవాళ్ళ చేతులు గబగబా రొయ్యల్ని పెడుతున్నాయి. మచ్చ ఉన్నది రాగానే రెండు వేళ్ళు దాన్ని పట్టుకుని బల్ల కింద బుట్టలో పడేస్తున్నాయి. ఒకటి కాదు, పది రోజులూ అంతే. అందరికన్నా ముందున్న చెయ్యి, అందరికన్నా వేగంగా తీసేస్తున్న చెయ్యి, అక్కది.

ఓనరు గారు చూసి నిప్పులు కక్కారు. "ఉద్యోగాలు పోతాయని మిషన్ని చెడగొట్టారు. ఇరవై రెండు మంది పేర్లూ రాసి రిపోర్టు ఇవ్వు. ఎల్లుండి నుంచి ఒక్కరు కూడా గేటు దాటి లోపలికి రాకూడదు."

నేను రిపోర్టు రాశాను. మొదటి పేరు ఆవిడదే. చెయ్యి వణికిందని రాసుకుంటే బాగుంటుంది గానీ, వణకలేదు. నాకూ కోపంగానే ఉంది. చెయ్యెత్తి తప్పొప్పుకునే మనిషి చాటుగా ఇంత పని చేసిందా అని.

మర్నాడు పొద్దున ఆవిడని ఓనరు గారి గదికి పిలిపించారు. తంబీ, నేనూ ఉన్నాం. బూట్ల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఓనరు గారు టీవీలో ఆ ఫుటేజీ పెట్టించారు.

ఆవిడ మాస్కు కిందికి లాక్కుని, ముందుకి వంగి చూసింది. "తంబీ, ఇంకొకసారి ఎయ్యి" అంది. రెండోసారి చూసింది. మూడోసారి అడిగింది. తర్వాత కుడిచేతి తొడుగు తీసేసి, ఆ చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. "ఇది నా చెయ్యేనా?" అంది, ఎవరినీ అడిగినట్టు కాదు. ముఖంలో రంగు లేదు. ఆ మనిషి భయపడటం నేను చూసింది అప్పుడే.

ఎడమచెయ్యి లేచింది. "తప్పు నాదే సార్."

"ఒప్పుకున్నావు కదా!" ఓనరు గారు బల్ల మీద చరిచారు. "ఎవరు చెప్తే చేశారు?"

"ఎవురూ చెప్పలా సార్. కావాలని చెయ్యలా. నా చెయ్యి ఇట్టా చేస్తా ఉండాదని నాకే తెలవలా, ఇప్పుడు చూస్తేనే తెలిసింది. పదకొండేళ్ళు మచ్చ కనపడితే తీసిపారెయ్యాల అని నేర్చుకున్న చెయ్యి. ఏరొద్దన్నారు, సరే అనుకున్నాం. మాకు ఎక్కింది గానీ చేతికి ఎక్కలా."

తంబి ఉండబట్టలేకపోయాడు. "అయ్యో అక్కా, చెడ్డది చూడకపోతే మిషన్ ఎట్లా నేర్చుకుంటుంది?"

ఆవిడ గిరుక్కున తిరిగింది. "అంటే అది నేర్చుకుంటా ఉండాదా? మా ఆదివారం బడి పిల్లకాయల మాదిరి? ఆ ముక్క మాకు చెప్పుంటే..." అని ఆగింది. ఒక్క క్షణం నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసింది. "నేనన్నా ఇంకోసారి అడగాల్సింది. అడగలా. అదీ నా తప్పే సార్."

ఆ వాక్యం పూర్తి చేసి ఉంటే ఆవిడ బయటపడిపోయేది. సూపర్వైజరు చెప్పలేదు సార్ అంటే చాలు. అనలేదు. రిపోర్టు నా ముందే ఉంది, నా సంతకంతో. ఆ నెలలోనే నాకు ప్రమోషన్ కాగితం రావాలి. నా ఎడమచెయ్యి పైన ఉండటం చూశాను. ఎప్పుడు లేపానో నాకు తెలియదు.

"తప్పు నాదే సార్" అన్నాను. "ఎందుకని అక్క అడిగింది. తంబి చెప్పమన్న సంగతి నేను చెప్పలేదు. గదమాయించాను."

తర్వాత టప్, టప్ అని చప్పుడు. బూట్లు కావు. ఆవిడొక్కతే నాకు చప్పట్లు కొడుతోంది, ఒక చేతికి తొడుగుతో, ఒక చేతికి తొడుగు లేకుండా. కళ్ళు నిండి ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నా జీవితంలో అంతకంటే గొప్ప సన్మానం నాకు జరగలేదు, ఇకముందు జరగదు కూడా.

"ఏంది ఈ గోల?" అన్నారు ఓనరు గారు. కానీ గొంతు తగ్గింది.

"సార్, పది దినాలు ఇయ్యండి" అంది ఆవిడ. "ఏరడం చేతనైనోళ్ళకి నేర్పడం చేతకాదా? నేర్పుతాం. అయితే నేర్పినాక నేర్పినోళ్ళని ఇంటికి పొమ్మంటే న్యాయం కాదు. మా ఇరవై రెండు మందికీ ఇక్కడే వేరే పని చూపించాల. కాగితం మీద రాసి సంతకం పెట్టాల."

"అది నేర్చుకోకపోతే?"

"మేమే పోతాం సార్. కేకలేసే పని లేకుండా." గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఉండండి, నేనొక్కదాన్నే అంటే ఎట్టా, వాళ్ళని అడిగొస్తా."

పది నిమిషాలకి వచ్చింది. "సరేనన్నారు సార్. ఇద్దరు ఏడ్చినారు. ఏడ్చి సరేనన్నారు."

ఓనరు గారు కాగితం రాయమని నాకే చెప్పారు. సంతకం మాత్రం మిషన్ ఒక్క తప్పు కూడా చేయకుండా ఏరి చూపించాకే అన్నారు.

ఇక ఆ పది రోజులు చూడాలి మా షెడ్డు! చెడ్డ రొయ్యలు బంగారమైపోయాయి. ఎక్కడ నల్లమచ్చ దొరికినా కేకవేసి మరీ తెచ్చేవాళ్ళు. ఆవిడ వాటిని రకరకాలుగా ట్రేల్లో సర్దింది. ఒకే రొయ్యని ముందు వెల్లకిలా, తర్వాత బోర్లా, ఆ తర్వాత సగం ఐసులో పూడ్చి బెల్టు మీద పంపేది. "పిల్లకాయలకి ఒక లెక్క ఒక తీరుగానే నేర్పితే పరీక్షలో తలకిందులుగా ఇస్తే ఏం చేస్తారు?" అనేది. తెర మీద మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయని, నా చేత తెలుగులో తెల్ల టేపు మీద రాయించి పక్కన అంటించింది. మొదటి రోజు వేలు తడిగా ఉండి తెర పలకలేదు. కోటుకి తుడుచుకుని మళ్ళీ తాకింది. మూడో రోజుకి తంబిని లేవమని కుర్చీలో తనే కూర్చుంది. చెయ్యి అలవాటు కొద్దీ మచ్చ రొయ్యని తీసేయబోతే పక్కావిడ మోచేత్తో పొడవాలని ఏర్పాటు. పొడిపించుకున్నావిడ చెయ్యెత్తేది, మిగతావాళ్ళు చప్పట్లు. ఆ పది రోజుల్లో మా షెడ్డులో మోగినన్ని చప్పట్లు ఏ పెళ్ళిలోనూ మోగి ఉండవు.

పరీక్ష రోజు పొద్దున ఓనరు గారు బూట్లు తొడుక్కుని బెల్టు పక్కనే నిలబడ్డారు. కాగితం ఆయన జేబులో ఉంది. ఇరవై రెండు మందీ గోడకి వరసగా నిలబడ్డారు. లారీ సరుకు మిషన్లో పడింది. గాలి బుస్సుబుస్సుమంటూ ఊదుతోంది. ఎర్ర బుట్ట నిండుతోంది. మంచి బుట్టని తెచ్చి బల్ల మీద బోర్లించారు. ఆడవాళ్ళు వంగి ఒక్కొక్కటే చూశారు. ఒక్క మచ్చ లేదు.

ఎర్ర బుట్ట చూసే పని అక్కది. సగం చూశాక ఒక రొయ్య దగ్గర ఆగిపోయింది. వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది మంచిదే సార్" అంది మెల్లగా. "మిషన్ తప్పు చేసింది."

షెడ్డంతా చల్లబడిపోయింది. ఓనరు గారి చెయ్యి జేబు మీంచి కిందికి జారింది. తంబి తల పట్టుకున్నాడు. గోడ దగ్గర ఎవరో వెక్కడం వినిపించింది. మచ్చ విషయంలో ఆ కన్ను ఏనాడూ పొరపడలేదని అందరికీ తెలుసు.

ఆవిడ ఇంకా దాన్ని వదల్లేదు. మిషన్ మీది దీపం దగ్గరికి వెళ్ళింది. కళ్ళు చికిలించి, తోక మడత రెండు వేళ్ళతో విప్పింది. అంచున, నువ్వుగింజలో సగం కూడా లేని నల్లచుక్క.

ఎడమచెయ్యి పైకి లేచింది, ఆ చెయ్యి అంత ఎత్తు లేవడం నేనెప్పుడూ చూడలేదు.

"తప్పు నాదే సార్! మిషన్దే కరెక్టు! నాకు కనపడంది దానికి కనపడింది!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచింది. ఇరవై ఒక్కమందీ చప్పట్లు, ఈలలు, బూట్లతో నేల మీద తాళాలు. తంబి ఆవిడ కాళ్ళ మీద పడబోయి ఐసులో జారిపడ్డాడు. ఆవిడ మిషన్ స్టీలు ఒంటి మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "నన్ను దాటేసినావే తల్లీ!" అంది. ఓడిపోయినందుకు ఒక మనిషి అంతగా మురిసిపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత అదే ఊపులో, ఎత్తిన చెయ్యి దించకుండానే ఓనరు గారి వైపు తిరిగింది. "సార్, ఆ కాగితం యాడుండాది?"

ఓనరు గారు నవ్వి, మిషన్ మీదే పెట్టి సంతకం చేశారు.

ఆ బల్ల ఇప్పుడు లేదు. ఇరవై రెండు మందిలో ముగ్గురు తమంతట తాము మానుకున్నారు. మిగతావాళ్ళు కొందరు మిషన్ల మీద, కొందరు ల్యాబులో, కొందరు కొత్తగా పెట్టిన ఉడకబెట్టే విభాగంలో ఉన్నారు. కొత్త రకం రొయ్య వచ్చినప్పుడల్లా మిషన్కి మళ్ళీ నేర్పాలి, ఆ పని వాళ్ళదే. ప్రమోషన్ నాకు ఆ ఏడు రాలేదు, మరుసటేడు వచ్చింది. అక్క రెండేళ్ళ కిందట పని మానేసి కోట దగ్గర వాళ్ళ ఊళ్ళోనే ఉంటోంది. ఆదివారం బడి మాత్రం మానలేదు.

సోమవారం మీటింగు అయ్యాక నా గదిలో తలుపు వేసుకుని ఆవిడకి ఫోన్ చేశాను. కొత్త కుర్రాడు చెయ్యెత్తిన సంగతి, మేడం బిత్తరపోయిన సంగతి, పదకొండు గుణాల సంగతి అంతా చెప్పాను. కొండ మీద జెండా పాతే పెద్దమనిషి గురించి విని పగలబడి నవ్వింది.

"ఇంతకీ ఆ పిల్లోడి అంకె ఎందుకు తప్పొచ్చిందంట నాయనా?" అని అడిగింది.

చప్పట్లు కొట్టాం, పొంగిపోయాం. ఆ ఒక్క ముక్క నేను అడగలేదు. గదిలో ఒక్కణ్ణే ఉన్నాను, ఎవరూ చూడటం లేదు. ఫోను కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి పైకెత్తాను.

"తప్పు నాదే అక్కా. అడగలేదు."

అవతల ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. తర్వాత రెండు చేతులూ కలిపి, గట్టిగా, చప్పట్లు.